పడమటిగట్టు గాదె

వరిచేను తూర్పుగట్టులో ఒక ఎలుకల పేట, పడమటిగట్టులో ఇంకో పేట ఉండేవి. కోతలయిన ప్రతిసారీ తూర్పుపేట పెద్ద మీసాలమ్మ దొంగచాటుగా చేను దాటి అవతలి గాదె చూసొచ్చేది. తమ గాదె కన్నా ఏటేటా అదే ఎత్తుగా పెరుగుతోంది. మీసాలమ్మకి కడుపు మండిపోయింది. "మన తిండిపోతు పిల్లలవల్లే!" అని వాళ్ళ వాటా సగానికి కోసేసింది. అయినా ఈ ఏడూ అవతలి కుప్పే పెద్దది.

ఇక ఉండబట్టలేక పడమటిపేట పెద్దనే అడిగేసింది. "అంత ఎలా మిగిల్చావు వదినా, మాకూ చెప్పకూడదూ?"

పడమటి ఎలుక గాదె వైపు చూడనైనా లేదు. "మిగిల్చలేదు వదినా, మిగిలిపోయింది. మూడేళ్ళుగా పాము వస్తోంది. తినే నోళ్ళేవి?"

మీసాలమ్మ ఇంటికి పరుగెత్తింది. ఆకలికి కిచకిచమంటున్న పిల్లల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుని, గాదె తలుపు తీసేసింది.