అవతలి పక్క

“ఈ పక్క సరే. అవతలి పక్క ఏముండె?” అని అడిగాడు నర్సింహ, ఫొటోను వెలుతురు వైపు తిప్పి.

పటాన్‌చెరు హైవే మీద అతనిది మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు. దాని ముందు యాదగిరి బండి నిలబడి ఉంది. కొన్నది పోయిన నెలలోనే అయినా చూసినవాళ్లెవరూ నమ్మరు. గుండ్రటి లైటు, బొద్దు ట్యాంకు, స్ప్రింగుల సీటు. బటన్ నొక్కితే స్టార్టయ్యే ఇంజనుకు తాతల కాలం అంగీ తొడిగి అమ్ముతోంది కంపెనీ. జనం పేరు రాయించుకుని, నెలల తరబడి ఎదురు చూసి మరీ కొంటున్నారు. వెనకట పాత బండిని కొత్తగా చేయమని వచ్చేవాళ్లు, ఇప్పుడు కొత్తదాన్ని పాతగా చేయమని వస్తున్నారు, తనకు మాత్రం రెండూ పనే అంటాడు నర్సింహ.

యాదగిరికి కంపెనీ ఇచ్చిన పాతదనం సరిపోలేదు. ఫొటోలో ఉన్న పాతదనమే కావాలి.

ఆ ఫొటో 1979 నాటిది, నలుపు తెలుపు. అందులో అతని నాయన చిన్నరాములు మోటారు సైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. తలకు రుమాలు, చేతులు హ్యాండిల్ మీద, చూపు ఎక్కడో దూరంగా. వెనక కొండలు, కొండల మీద మబ్బులు. మరుసటేడే ఆయన కామెర్లతో పోయాడు. అప్పుడు యాదగిరికి రెండేళ్లు. బడిలో ఎవరైనా కూలోని కొడుకని వెక్కిరిస్తే ఆ ఫొటో తీసి చూపించేవాడు. పటేలుకు తప్ప ఊళ్లో ఎవరికీ సైకిలు కూడా లేని రోజుల్లో మా నాయనకు మోటారు సైకిలుండేదని, దాని మీద శ్రీశైలం కొండలెక్కాడని చెప్పేవాడు. ఆ ఒక్క మాట ఆసరాతో తలెత్తుకుని పెరిగాడు. ఇప్పుడు గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు.

అతనికి మిగిలిన కోరిక ఒక్కటే. తల్లి బీరమ్మను వెనక కూర్చోబెట్టుకుని బొంతపల్లి జాతరకు పోవాలి. ఆమె ఎవరి బండీ ఎక్కదు. బస్సు దొరికితే బస్సు, లేదంటే నడక. మొగుడి వెనక కూర్చున్న మనిషి ఇంకో బండి ఎలా ఎక్కుతుందిలే అనుకున్నాడు యాదగిరి. నాయన బండే తిరిగొస్తే కాదనదు కదా.

నర్సింహ భూతద్దం పెట్టి పది రోజులు ఫొటోను చదివాడు. చైను కనబడలేదు. కవరు లోపల ఉంటుందిలెమ్మని తనే సర్దిచెప్పుకున్నాడు. బ్రేకు వైరూ కనబడలేదు. పాతకాలపు పనితనమే వేరన్నాడు. నెంబరు ప్లేటు మీద వరసగా నాలుగు ఒకట్లున్నాయి.

“మీ నాయిన పలుకుబడి ఉన్నోడే యాదన్నా,” అన్నాడు.

రంగు సంగతి తల్లినే అడిగాడు యాదగిరి. బియ్యంలో రాళ్లు ఏరుతున్న బీరమ్మ తలెత్తకుండానే చిలుకపచ్చ అనేసింది. అని, వెంటనే నాలుక కరుచుకుంది. చిలుకపచ్చ మోటారు సైకిల్‌ను తన సర్వీసులో చూడలేదన్నాడు నర్సింహ. అయినా వేశాడు. మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ సత్తయ్య ఆ బండిని చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఇక మిగిలింది అవతలి పక్క. ఆ కాలపు బండ్లకు గేరు, కిక్కు రాడ్డు, సైలెన్సరు అన్నీ ఆ పక్కే ఉండేవట. ఫొటోలో అవేవీ లేవు. పాత సామాను ఢిల్లీ నుంచి తెప్పించాలి, కొత్త బండిని కోయాలి. ఒకసారి కోశాక మళ్లీ అతకదు, కాబట్టి ముందు అమ్మను అడిగి రమ్మన్నాడు నర్సింహ.

యాదగిరి మూడుసార్లు అడిగాడు. మొదటిసారి యాదిలేదంది. రెండోసారి అన్నం మాడుతోందని లేచిపోయింది.

“మంచిగున్న బండిని ఎందుకు కోపిస్తవు బిడ్డా?” అంది మూడోసారి.

యాదగిరికి బాధేసింది. నాయన గురించి ఒక్క మాట చెప్పడానికి ఈమెకు నోరెందుకు రాదు? ఏదేమైనా సోమవారం కోసెయ్యమని నర్సింహకు చెప్పేశాడు.

ఆదివారం జాతర. ఎలా ఒప్పుకుందో, బీరమ్మ బండెక్కింది. కాళ్లు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. యాదగిరే పట్టుకుని ఫుట్‌రెస్టు మీద పెట్టాడు. ముప్పై ఏళ్లాయె, మరిచిపోయి ఉంటుంది అనుకున్నాడు. దారి పొడవునా ఆమె కొడుకు అంగీని పిడికిట్లో బిగించి పట్టుకుంది. గుమ్మడిదల దాటేసరికి యాదగిరికి తానే చిన్నరాములైనట్టుంది. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా లేదు.

బొంతపల్లిలో గాజుల దుకాణాలు దాటాక, ఫొటోలు తీసే డేరా ముందు ఆమె అతని భుజం తట్టింది.

“ఈడ ఆపు.”

దిగి, డేరా వైపు చాలాసేపు చూసింది.

“గప్పుడు సుత ఈన్నే ఉండె,” అంది.

ఫొటో దిగాలనుందేమోనని యాదగిరి తల దువ్వుకున్నాడు. అమ్మ మనసు మెత్తబడిందనిపించి, ఇదే అదననుకుని అడిగాడు.

“అవ్వా, రేపు నర్సింహ బండి కోస్తడు. ఇప్పుడన్న చెప్పు. నాయిన బండికి అవతలి పక్క ఏముండె?”

బీరమ్మ బండి చుట్టూ తిరిగి అవతలి పక్కకు వచ్చింది. సైలెన్సరు తగలకుండా కొంగు దగ్గరికి తీసుకుంది. కొడుకు ముఖంలోకి చూసింది. చెప్పకపోతే బండి పోతుంది. చెబితే ఏం పోతుందో ఆమెకొక్కదానికే తెలుసు.

“ఈ దిక్కు ఏం లేకుండె బిడ్డా, చెక్కకు రెండు కట్టెలు ఆనిచ్చిన్రు.”