ఓదెలు ముఖం

ఊరి తలుపులు, నల్లాలు, లిఫ్టులు అన్నీ నడిపే పెద్ద కంప్యూటర్‌ను ఆపరేటర్ ఓదెలు ఏటా ఆయుధపూజ నాడు ఆపి, బొట్టు పెడతాడు. ఈసారి అది మళ్లీ లేవలేదు. మూడు గంటలు తంటాలు పడి లోపం సరిచేశాడు. ఇక దాని కెమెరాకు తన ముఖం చూపిస్తే చాలు, గుర్తుపట్టి లేస్తుంది. అంతలో జనం గడ్డపారలతో కంప్యూటర్ గది తలుపు పగలగొట్టారు.

"మా అవ్వ లిఫ్టుల ఊపిరాడక సస్తాంది! నీకు పూజలు కావాల్నారా?" అంటూ రాజేశం పూజ కొబ్బరికాయతో అతని మూతి పగలగొట్టాడు.

"ముఖం మీద కొట్టకుర్రి! దానికి నా ముఖం కావాలె!" అని ఓదెలు అరిచాడు. ఎవరూ వినలేదు. అక్కడే తన్నారు.

చివరికి అర్థమై, రాజేశమే అతన్ని ఎత్తి కెమెరా ముందు నిలబెట్టాడు. ముక్కు చితికింది, కళ్లు వాచి మూసుకుపోయాయి.

కంప్యూటర్ మర్యాదగా పలికింది: "మిమ్మల్ని గుర్తుపట్టలేకపోతున్నాను. దయచేసి ఓదెలు గారిని పిలవండి."