ఆచార్యుల వారి ఛాయ

ఆ రోజుల్లో ఒక శాస్త్రవేత్త వ్యాసాన్ని ఉటంకించాలంటే, ఆయన పోయినా సరే, గోడ తెర మీదికి వచ్చి అచ్చం ఆయనలాగే మాట్లాడే కంప్యూటర్ ఛాయ అనుమతివ్వాలి. వేరుశనగ తెగులు మీద రాసిన వ్యాసం సాయంత్రంలోగా పత్రికకు పంపకపోతే నాగవేణి ఫెలోషిప్ పోతుంది. బెండకాయలు తరుగుతూనే ఆమె ఆధారాల జాబితా సర్దుతోంది. ఇక మిగిలింది, పోయిన ఆచార్య పాణిగ్రాహి గారి ఛాయ అనుమతి ఒక్కటే.

"నా పేరు అందరికన్నా పైన ఉండాలి. బిరుదులన్నీ రాయి," అంది తెర మీది ఛాయ.

"అక్షర క్రమంలో పెట్టాలండి."

"అయితే అనుమతి లేదు, పో!"

పెళ్లి పందిట్లో మొదటి బంతిలో కూర్చోబెట్టలేదని అలిగే పెద్దమనిషి ఇంతకన్నా నయం. నాగవేణికి ఒళ్లు మండింది.

"పైనే పెడతా సార్. ఇంతకీ మీ వ్యాసంలో ఏం తేల్చారో చెప్పండి, అదీ రాస్తాను."

ఛాయ గొంతు తగ్గించింది. "అది మా స్టూడెంట్లెవరో రాశారులేమ్మా. ఎక్కడో ఒకచోట పెట్టుకో. ఈ మాట మాత్రం ఎవరితో అనకు."

వ్యాసం పంపేసిందో లేదో, ఆమె గైడు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, రచయితల్లో నా పేరు ముందు పెట్టావుగా?"

"పెట్టాను సార్. వీలు చూసుకుని ఒకసారి చదవండి. మీరు పోయాక మీ ఛాయని అడుగుతారు."