ఏది ఎటు తిరిగింది

అలిగి కశింకోట పుట్టింటికి బయల్దేరిన అప్పలకొండమ్మ, అనకాపల్లిలో ఎక్కిన షేర్ ఆటోలో వెనక్కి తిరిగుండే సీట్లో కూర్చుంది. వెంటబడ్డ మొగుడు ఎర్రయ్య ఆమె వీపుకి వీపానించి ముందుకు తిరిగి కూర్చున్నాడు. అతని పక్కనున్న కూతురు పావని నవ్వాపుకుంటూ తన ఉద్యోగం సంగతెత్తింది.

"ల్యాబ్‌లో చెరకు జన్యుపటం ముక్కలుగా వత్తాది నాన్నా. ఏ ముక్క పక్కన ఏదుందో రాత్తాం."

"మీయమ్మ పక్కన నేను. రాసుకో!"

"సాలదు. ఏది ఎటు తిరిగుందో కూడా రాయాల."

ఆటో అంతా గొల్లుమంది.

"తిరగబడింది మీయమ్మే!"

"అమ్మనడిగితే నువ్వంటాది. ఏదో ఒకటి తిప్పితే సాలు, రెండూ కలుత్తాయి."

ఎర్రయ్య నవ్వు ఆగింది. ఆటో ఆపించి దిగి, వెళ్లి పెళ్లాం పక్కన ఇరుక్కున్నాడు.

"ఎనక్కి కూకుంటే నీకు కళ్లు తిరుగుతాయి కదా?" అప్పలకొండమ్మ పొద్దుట్నుంచి మొదటిసారి నోరు విప్పింది.

"తిరిగితే పట్టుకోడానికి నువ్వున్నావు కదే!"