బాతుపిల్లల తల్లికోడి

గోరి మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. శ్రీనివాస్ కుర్చీ అంచుకు జరిగాడు.

పన్నెండేళ్ల క్రితం, తొమ్మిదో తరగతిలో ఆవిడ కళ్లజోడు సర్దుకుందంటే ఎవడో ఒకడు బెంచీ ఎక్కాల్సిందే. ఎక్కువసార్లు ఎక్కింది ఇతనే. మళ్లీ ఆవిడ ఎదుటే చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుందని అప్పుడే తెలిసుంటే, బుద్ధిగా చదువుకుని చచ్చేవాడు.

కొత్తగూడెంలో ఉన్న ఉద్యోగానికి సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా బస్సులో నిలబడే బూర్గంపాడు దాకా వచ్చాడు. బస్సెక్కించేటప్పుడు స్నేహితుడు జగదీష్ భయపెట్టే పంపాడు.

"ఉన్నదొక్కటే పోస్టురా. ట్రాన్స్‌ఫర్ లేదు, రిటైర్మెంట్ లేదు. తిండి, ఉండుడు వాళ్లదే. పోయిన నెల ఇల్లెందు నుంచి ఒకడొస్తే పది నిమిషాల్ల పంపించేసిన్రట. జర పైలం!"

ఆ ఒక్కదాని కోసమే శ్రీనివాస్ నాలుగేళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఇది తప్పిపోతే ఇంకోటి వద్దే వద్దనుకున్నాడు.

ఎదురుగా ముగ్గురు. మేడమ్‌కు కుడివైపు ధన్‌సింగ్ బయోడేటా తిరగేస్తున్నాడు. ఎడమవైపు సోని ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ నవ్వాపుకుంటోంది. చదువెంత, జీతమెంత, షుగరుందా, సిగరెట్టుందా, అన్నీ అయిపోయాయి.

"ఆఖరి ప్రశ్న," అంది మేడమ్. "నడుమ 'ఓ' ఉన్న అడాప్ట్‌కు, 'ఏ' ఉన్న అడ్యాప్ట్‌కు తేడా ఏంది?"

బెంచీ ఎక్కించిన ప్రశ్నే! ఇంగ్లీషు వాళ్లకు ఇతని మీద ఏం పగో గానీ, రెండు మాటలూ కవలపిల్లల్లా వచ్చి నిలబడ్డాయి. ఏది ఏదో అంతు చిక్కలేదు.

దిక్కు తోచక కిటికీలోంచి చూశాడు. వాకిట్లో ఒక కోడి. దాని వెనక నాలుగు బాతుపిల్లలు. కోడిని చూసి, చేతకాకపోయినా, కాళ్లతో మట్టి గీరుతున్నాయి.

శ్రీనివాస్ పాత అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

"మేడమ్, గా కోడి బాతుగుడ్లను పొదిగింది. పిల్లలు తనయి కాకున్నా తనయే అనుకున్నది. గది అడాప్ట్. గా పిల్లలు రాకున్నా మట్టి గీరుడు నేర్సుకుంటున్నయి. గది అడ్యాప్ట్."

ధన్‌సింగ్ కాగితం పక్కన పెట్టాడు.

"అవ్, మంచిగనే చెప్పినవ్. మరి నువ్వేం చేస్తవ్?" అంది మేడమ్.

"మట్టి గీరుడు నేను నేర్సుకుంట మేడమ్. రెక్కల కిందికి తీసుకునుడు మీ దయ."

మేడమ్ నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం అతనికి అదే మొదటిసారి.

"కూసో. పాసైనవ్."

ఆవిడ లోపలి గది వైపు తిరిగి కేకేసింది: "కవితా, మీ నాయినకు, చెల్లెకు గూడ చాయ్ పట్టుకరా బిడ్డా, మనింటికి ఇల్లరికం అల్లుడు దొరికిండు!"