పది రోజుల గడువు

"మా అన్నలాంటివాడు పగవాడికి కూడా ఉండకూడదు. తమ్ముడి పెళ్లాం ఆస్పత్రిలో ఉందని తెలిసీ గుమ్మం దాటి వచ్చాడా?"

కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్ ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని పళ్లు నూరుతున్నాడు. సూది పరీక్ష చేయించుకుని అతని భార్య అప్పుడే బయటికి వచ్చింది.

"తొమ్మిదేళ్లుగా వాళ్లని కోర్టు చుట్టూ తిప్పుతున్నారు. ఏ మొహంతో రమ్మంటారు?" అంది. "అక్కడున్నది మీ అన్న ఒక్కడే కాదు, నా సొంత అక్క కూడా."

అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను చేసుకున్నారు. రెండిళ్ల నడుమ నలభై రెండు గజాల ఖాళీ జాగా దగ్గర తగువు పుట్టింది. ఆనాటి నుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. మెకానిక్ ఒట్టు వేయించాడు మరి.

డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచింది. "రొమ్ములో గోలీకాయంత గడ్డ. వేలికింద జారుతోంది, స్కానింగులో అంచులు నున్నగా ఉన్నాయి. ఇలాంటివి చాలావరకు ప్రమాదం లేనివే. అయినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాం. పది రోజుల్లో రండి."

"చాలావరకు అంటే?"

"రిపోర్టు రాకుండా అంతకన్నా చెప్పకూడదండీ."

ఆ 'చాలావరకు' అతన్ని వదల్లేదు. తిండి సయించలేదు. కొట్లో ఒక మిషనుకు సూది తిరగేసి బిగించాడు. దారం తెగిపోతోందని టైలరు మిషను మోసుకొచ్చి ఎదుట పడేశాడు.

"ముప్పై ఏళ్ల చెయ్యి! ఏమైందయ్యా నీకు?"

మెకానిక్ సూది విప్పి సరిగ్గా బిగించాడు.

ఒకరోజు కంచంలో అన్నం కెలుకుతుంటే భార్య ఎదురుగా కూర్చుంది.

"ఒకటడుగుతాను, అరవకూడదు."

"అడుగు."

"రేపేమవుతుందో ఎవరు చూశారు? మా అక్కతో కడుపునిండా మాట్లాడుకోవాలనుంది. ఆ జాగా వాళ్లకి వదిలెయ్యండి."

'చచ్చినా ఇవ్వను' అనబోయాడు. ఆ మొదటి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడే లాయరు గదిలో రాజీ కాగితం మీద సంతకం పెట్టాడు.

"ఒరేయ్, మరదలికి ఎలా ఉందిరా?" అన్నాడు అన్న.

"నీకెందుకు? జాగా దక్కిందిగా!"

మెకానిక్ ఇంటికొచ్చేసరికి వదిన అతని వంటింట్లోనే ఉంది. లోపల ఏడుపులు, ఆ వెంటనే నవ్వులు. ఇలాంటప్పుడు నవ్వెలా వస్తుందో ఈ ఆడవాళ్లకి అనుకుని, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

పదో రోజు భార్య, "మీకు పనుంది కదా, నేనొక్కదాన్నే వెళ్లొస్తాలెండి" అంది.

"నోర్మూసుకుని నడు" అన్నాడు.

డాక్టరమ్మ అతన్ని చూసి నవ్వింది. "ఫైబ్రోఅడినోమా అంటారు, ఉత్త కండగడ్డ. క్యాన్సర్ కాదు. కోసే పని కూడా లేదు. ఆరు నెలలకోసారి చూపించుకోండి, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం."

మెకానిక్ రెండు చేతులూ జోడించాడు. "పది రోజులు చచ్చి బతికానమ్మా!"

"అదేమిటి?" డాక్టరమ్మ అతని భార్య వైపు చూసింది. "రిపోర్టు ముందే వచ్చిందని సోమవారమే ఫోన్‌లో చెప్పేశానుగా ఈవిడకి!"

భార్య చేతిసంచి జిప్పు తీస్తోంది, వేస్తోంది.

అతను నలభై రెండు గజాలు రాసిచ్చింది గురువారం.