శ్రమపట్టీ

మగకూలి, ఆడకూలి అన్న మాటలు పోయాయి. ఇప్పుడు చేతికి కట్టిన శ్రమపట్టీ ఒళ్లు అలిసినంత కూలి చూపిస్తుంది. ఊడ్పుల్లో రోజంతా వంగి నాటే దమయంతిదే ఎప్పుడూ ఎక్కువ.

పని అయ్యాక గట్టు మీద మొగుడు గున్నయ్య బతిమాలాడు. "ఈ ఒక్క పూటకి నీ పట్టీ నాకియ్యే. నలుగుర్లో తల కొట్టేసినట్టుంటంది."

ఆమె విప్పి ఇచ్చింది.

మేస్త్రీ పట్టీలు చూసి, "ఈయేళ గున్నయ్యే ముందు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బురదలో నాని ముడతలు పడ్డ చేతులతో దమయంతి కూడా కొట్టింది.

ఇంటికొచ్చి గున్నయ్య మంచం మీద వాలగానే పట్టీ మెత్తగా మాట్లాడింది. "నడుం పడిపోయేలా చేశావు తల్లీ. ఈ పూట వంట మీ ఆయన్ని చెయ్యమను."

గున్నయ్య దాన్ని అరచేత్తో నొక్కిపట్టాడు. దమయంతి వినబడనట్టే పొయ్యి ఎగదోస్తోంది.